మీసాల చేపకు దేహశుద్ధి

1855 నవంబరు 11, రాత్రి పది గంటల వేళ ఎడో నగరం ఊగిపోయింది. నేటి టోక్యో అది. అప్పటికే పది లక్షల జనం, కిక్కిరిసిన కొయ్య ఇళ్లు. కూలినవి కూలగా, మిగిలినవాటిని మంటలు అందుకున్నాయి. ఏడు నుంచి పది వేల మంది చనిపోయి ఉంటారని అంచనా. రోజులు తిరగకుండానే వీధుల్లోకి రంగుల బొమ్మల కాగితాలు అమ్మకానికి వచ్చాయి. వాటిలో కథానాయకుడు ఒక చేప.

ఆదిశేషుడు తల కదిపితే భూమి అదురుతుందని మన పెద్దవాళ్లు అనేవారు. జపాన్‌లో ఆ నింద నమజు మోసింది. అది పొలుసుల్లేని మీసాల చేప, మన వాలుగకు దగ్గరి చుట్టం. నేల అడుగున పడుకున్న మహా నమజును కషిమా దేవుడు ఒక బండతో అదిమి ఉంచుతాడని నమ్మకం. ఆ బండ కొసను కషిమా ఆలయంలో ఇప్పటికీ చూపిస్తారు. అయితే భూకంపం వచ్చింది పాత పంచాంగం ప్రకారం పదో నెలలో. ఆ నెల దేవుళ్లంతా ఇజుమో క్షేత్రంలో కొలువుకు వెళతారు. కషిమా దేవుడూ వెళ్లాడు, కాపలా ఎబిసు దేవుడికి అప్పజెప్పాడు, ఎబిసు కునుకు తీశాడు. సందు చూసుకుని చేప ఒళ్లు విరుచుకుంది. ఇన్‌ఛార్జిల పాలన దేవుళ్లలోనూ అంతేనన్నమాట!

ఈ బొమ్మల్ని నమజు-ఎ అంటారు. చిత్రకారుడు గీసినదాన్ని చెక్క దిమ్మెల మీద చెక్కి, రంగులద్ది కాగితంపై అచ్చు వేసేవారు. అచ్చుకు ముందు సర్కారు తనిఖీ ముద్ర తప్పనిసరి. వీటిలో చాలావాటికి ఆ ముద్రా లేదు, గీసినవాడి సంతకమూ లేదు. అయినా రెండు వందలకు పైగా రకాలు వచ్చాయి. మళ్లీ భూమి అదరకుండా ఇంటి కప్పుకు అంటించుకోవాలంటూ రక్షరేకుల్లా అమ్మినవీ ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది యోషివారా బొమ్మ. యోషివారా ఎడోలోని వేశ్యావాటిక, ఆ రాత్రి తగలబడింది. బొమ్మలో అక్కడి ఆడవాళ్లు, వాళ్ల విటులు చేపను చుట్టుముట్టి చేతికందినదానితో చితకబాదుతున్నారు. ఇంతవరకూ న్యాయమే. కానీ పైమూల చూడండి: వడ్రంగులు, వాళ్ల తోటి పనివాళ్లు చేపను కాపాడటానికి పరుగెత్తుకొస్తున్నారు! ఎందుకు రారు? ఊరంతా మళ్లీ కట్టాలి. వాళ్ల కూలి ఒక్కసారిగా పెరిగింది, ప్రభుత్వం కట్టడి చేయాలని చూసేంతగా. ఒకరి ఇల్లు కూలితేనే ఇంకొకరి పొయ్యి వెలుగుతుందన్న చేదు నిజాన్ని ఆ చిత్రకారుడు ఒక మూలన, నవ్విస్తూ పెట్టాడు. బాధితుల పక్షమా, పనివాళ్ల పక్షమా అంటే తేల్చడు. కష్టాల్లో మనుషులంతా ఒక్కటైపోతారని చెప్పే బొమ్మలకన్నా ఇదే నిజాయితీగా ఉందనిపిస్తుంది.

ధనవంతులకైతే ఇంతకన్నా గట్టిగానే తగిలింది. ఒక రకం బొమ్మల్లో వాళ్లు దాచుకున్న బంగారు నాణేలు కక్కుతుంటారు, కింద పేదలు ఏరుకుంటుంటారు. ఇంకోదాంట్లో చేప తప్పు ఒప్పుకుని పొట్ట కోసుకుంటే పేగుల బదులు నాణేలు రాలతాయి. శిథిలాల కింద చిక్కినవాళ్లను చేపే బయటికి లాగుతున్న బొమ్మా ఉంది. చంపిందీ అదే, కాపాడేదీ అదే. సంపద కొందరి దగ్గరే పోగుపడి లోకం జబ్బుపడిందని, ఈ కుదుపు దానికి మందని అప్పటి జనంలో ఒక ఆలోచన ఉండేది. లోకాన్ని సరిచేయడమనే అర్థంలో దాన్ని 'యొనావొషి' అనేవారు. అంతకు రెండేళ్ల ముందే, 1853లో, అమెరికా నౌకాధిపతి పెర్రీ నల్ల ఓడలతో ఎడో అఖాతానికి వచ్చి జపాన్ తలుపు తట్టాడు. అందుకే ఒక బొమ్మలో నమజు, పెర్రీ మెడలకు తాడు కట్టుకుని ఎవరి బలమెంతో తేల్చుకుంటారు. నేలను కుదిపినవాడూ రాజ్యాన్ని కుదిపినవాడూ జనం లెక్కలో ఒకే వరస.

పాలకులకు ఇది తెలియక పోలేదు. రెండు నెలలు కాకముందే బొమ్మల్ని నిషేధించి, దిమ్మెల్ని ధ్వంసం చేయించారు. నేటి జపాన్ ప్రభుత్వం మాత్రం ఆ చేపను కొలువులోకి తీసుకుంది. పెద్ద భూకంపం వస్తే మామూలు వాహనాలకు మూసేసే రహదారుల సూచిక బోర్డుల మీద నమజు బొమ్మ కనిపిస్తుంది, నాణేలూ వడ్రంగులూ లేకుండా.