ఉక్కు నగరంలో నల్లకోటు

గణితం చదివి, కార్మికుల బస్తీలో కాపురం పెట్టి, నలభయ్యో ఏట పడిలో వకీలైన సుధా భరద్వాజ్. వృత్తికీ ఇంటికీ మధ్య గీత గీసుకోవడం ఎంత కష్టమో ఆమె జీవితం చెబుతుంది.

భిలాయ్‌లో రోజు మూడు షిఫ్టులుగా నడుస్తుంది. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మించిన ఇక్కడి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. మంచు దేశం నుంచి వచ్చిన ఇంజనీర్లు ఛత్తీస్‌గఢ్ ఎండల్లో కొలిమి వెలిగిస్తే, దాని చుట్టూ సెక్టార్ల లెక్కన ఒక ఊరే లేచింది. దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. ఉత్తరాంధ్ర నుంచి రైలెక్కి వచ్చి ఇక్కడే మూడు తరాలు గడిపిన తెలుగు కుటుంబాలూ వారిలో ఉన్నాయి.

అయితే ఊరు ఒకటే అయినా బతుకులు రెండు. పర్మనెంటు ఉద్యోగికి క్వార్టరు, ఆసుపత్రి, పిల్లలకు బడి. ఆ పక్కనే ప్రైవేటు కార్ఖానాల్లో, సిమెంటు ఫ్యాక్టరీలో, గనుల్లో కాంట్రాక్టరు కింద పనిచేసేవాడికి గేటు పాసు ఒక్కటే ఆధారం. అది లాక్కుంటే మిగిలేది కోర్టు మెట్లే. ఆ కోర్టులో కాలం వాయిదాల లెక్కన సాగుతుంది. కేసు వేసిన కార్మికుడికి ఈలోగా కూలి దొరకాలి, అద్దె కట్టాలి, పిల్లాడి ఫీజు కట్టాలి. అతని తరఫున నిలబడే వకీలుకూ ఇల్లూ వాకిలీ ఉంటాయి. ఈ రెండు సంసారాల మధ్య నలిగిన జీవితమే సుధా భరద్వాజ్‌ది.

ఐఐటీ నుంచి గని దాకా

సుధ 1961లో అమెరికాలో పుట్టారు. తల్లి కృష్ణా భరద్వాజ్ ఢిల్లీలోని జేఎన్‌యూలో ఆర్థికశాస్త్ర విభాగానికి పునాదులు వేసిన పేరుమోసిన ఆర్థికవేత్త. చిన్నతనంలోనే దేశానికి తిరిగొచ్చిన సుధ ఐఐటీ కాన్పూర్‌లో గణితం చదివారు. పుట్టుకతో వచ్చిన అమెరికా పౌరసత్వాన్ని వదులుకున్నారు. 1986లో భిలాయ్ కర్మాగారానికి ఇనుప ఖనిజం సరఫరా చేసే దల్లీ రాజహరా చేరారు. శంకర్ గుహ నియోగి నాయకత్వంలో 1977లో ఏర్పడిన గని కార్మికుల సంఘం అప్పటికే అక్కడ బలంగా ఉంది. కూలి పెంపు కోసం పోరాడటంతో ఆగకుండా బళ్లు నడిపింది, సారా మానిపించింది. కార్మికుల చందాలతో 1983లో షహీద్ ఆసుపత్రిని కట్టుకుంది. ఐఐటీ పట్టభద్రురాలు అక్కడ కార్మికుల పిల్లలకు పాఠాలు చెప్పారు.

1990లో ఉద్యమం భిలాయ్ ప్రైవేటు కార్ఖానాలకు పాకింది. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున భిలాయ్‌లోని ఇంట్లో నిద్రపోతున్న నియోగిని కాల్చి చంపారు. మరుసటి ఏడాది జులై 1న రైలు పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేను మందికి పైగా చనిపోయారు. పోరాటం వీధి నుంచి కోర్టుకు మళ్లింది.

కోర్టు ఎంత నెమ్మదో నియోగి హత్య కేసే చెబుతుంది. 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు ఆరుగురిని దోషులుగా తేల్చింది. మరుసటి ఏడాది మధ్యప్రదేశ్ హైకోర్టు అందరినీ వదిలేసింది. 2005లో సుప్రీంకోర్టు కాల్పులు జరిపిన ఒక్కడికే యావజ్జీవం విధించింది. హత్య జరిగి అప్పటికి 13 ఏళ్లు దాటింది. రాష్ట్రపతిని రప్పించిన ఊరి కేసుకే ఇంత కాలం పడితే, గేటు బయట నిలబెట్టిన కాంట్రాక్టు కార్మికుడి కేసు గతేమిటి?

నలభయ్యో పడిలో వకీలు

యూనియన్‌కు వకీళ్లను పెట్టుకోవడం తలకు మించిన పని. ఫీజు ఒక సమస్య, నమ్మకం మరో సమస్య. ఫైళ్లు రాసి, సాక్ష్యాలు సర్ది వకీళ్లకు అందిస్తున్న సుధనే లా చదవమని తోటివారు ప్రోత్సహించారు. 2000లో ఆమె పట్టా పుచ్చుకున్నారు. అదే ఏడాది నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి, బిలాస్‌పూర్‌లో హైకోర్టు వచ్చింది. అంతకుముందు జబల్‌పూర్ దాకా పోవాల్సిన కార్మికుడికి ప్రయాణం తగ్గింది. తగ్గినా భిలాయ్ నుంచి సుమారు 140 కి.మీ. వాయిదా ఉన్న రోజు ఒక రోజు కూలి పోయినట్టే.

చట్టం కూడా అప్పుడే గట్టిపడింది. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం కింద ఒక పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధిస్తే అందులోని కార్మికులు అసలు యజమాని ఉద్యోగులవుతారని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. 2001లో భిలాయ్ కర్మాగారం యజమాని అయిన స్టీల్ అథారిటీ పేరుతోనే నడిచిన కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ మాట కొట్టేసింది. కాంట్రాక్టు ఉత్తుత్తిదేనని రుజువు చేస్తేనే హక్కు వస్తుందంది. అంటే ఎవరు పని చెప్పారు, ఎవరు జీతమిచ్చారు, హాజరు ఎవరు వేశారు అన్నది కాగితం కాగితంగా చూపాలి. కాంట్రాక్టు కార్మికుడి దగ్గర లేనిదే కాగితం. దాన్ని బస్తీల్లో తిరిగి వెతికి పట్టుకోవాల్సింది వకీలే.

గెలిచినా గండం తప్పదు. లేబర్ కోర్టు ఉద్యోగం తిరిగి ఇవ్వమంటే యాజమాన్యం పైకోర్టుకెళుతుంది. ఆ కాలంలో చివరి జీతం చెల్లించాలని పారిశ్రామిక వివాదాల చట్టంలోని 17బి సెక్షన్ చెప్పేది. తీర్పు వచ్చేదాకా కార్మికుడి ఇంట్లో పొయ్యి వెలగడానికి అదొక్కటే ఆసరా. దానికీ వేరే దరఖాస్తు, వేరే వాయిదా.

బిలాస్‌పూర్‌లో మిత్రులతో కలిసి ‘జన్‌హిత్’ అనే న్యాయసహాయ బృందాన్ని సుధ నడిపారు. కార్మికుల కేసులకు తోడు భూములు పోతున్న గ్రామస్థుల, ఆదివాసుల కేసులు చేరాయి. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ కాంట్రాక్టు కార్మికుల వివాదం ఏకంగా స్విట్జర్లాండ్ చేరింది. ఫ్యాక్టరీ మాతృసంస్థ అక్కడిది కావడంతో 2012లో వారి యూనియన్ ఆ దేశ ప్రభుత్వ విభాగానికి ఫిర్యాదు చేసింది. చివరకు 2016లో యాజమాన్యంతో ఒప్పందం కుదిరింది.

ఇంటి ఖాతాలో బాకీ

ఇంత పనికీ సమయం ఎక్కడి నుంచి వచ్చింది? ఇంటి ఖాతాలోంచే. బస్తీలో పెరిగిన ఆమె కుమార్తె 2018లో రాసిన బహిరంగ లేఖలో తనకన్నా జనానికే అమ్మ ఎక్కువ సమయమిచ్చిందన్న చిన్ననాటి అలకను దాచుకోలేదు. ఆ జనం ఎవరో తెలిశాక అమ్మ అర్థమైందన్నదీ అందులోనే ఉంది. పెద్ద ఆఫీసుల్లో పనిచేసే వకీళ్ల ఇళ్లలోనూ ఇదే అలక ఉంటుంది. తేడా ఏమిటంటే అక్కడ లోటును డబ్బు కొంత పూడుస్తుంది. ఇక్కడ ఆ వీలూ లేదు.

ఆ బాకీ తీర్చే ప్రయత్నం ఆలస్యంగానైనా జరిగింది. 2017లో ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి సుధ ఛత్తీస్‌గఢ్ వదిలారు. కూతురి చదువు కూడా అందుకో కారణం. ఏడాది గడిచింది. 2018 ఆగస్టు 28న భీమా కోరేగావ్ కేసులో పోలీసులు ఫరీదాబాద్‌లోని ఇంటికి వచ్చారు. అదే రోజు హైదరాబాద్‌లో కవి వరవరరావునూ అరెస్టు చేశారు. మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న ఆరోపణను సుధ ఖండించారు. రెండు నెలల గృహ నిర్బంధం తర్వాత పుణెలోని ఎరవాడ జైలుకు, 2020లో ముంబైలోని బైకుల్లా జైలుకు ఆమెను పంపారు.

జైల్లోనూ వృత్తి వదల్లేదు. వకీలు లేని తోటి ఖైదీలకు దరఖాస్తులు రాసిపెట్టారు. ఎరవాడలో చూసిన స్త్రీల గురించి రాసిన పుస్తకం 2023లో వెలువడింది. 2021 డిసెంబర్ 1న బాంబే హైకోర్టు ఆమెకు బెయిలిచ్చింది. చార్జిషీటుకు గడువు పొడిగించిన కోర్టుకు ఆ అధికారం లేదన్నది కారణం. కాగితాల్లోని లొసుగు పట్టుకుని కార్మికుల తరఫున వాదించిన వకీలుకు చివరికి అక్కరకొచ్చిందీ ఆ విద్యే. డిసెంబర్ 9న ఆమె విడుదలయ్యేనాటికి మూడేళ్లు గడిచాయి. విచారణ మాత్రం మొదలుకాలేదు.

బయటికి వచ్చినా భిలాయ్ దూరమే. ముంబై కోర్టు పరిధి దాటకూడదన్నది బెయిల్ షరతు. అరవై ఏళ్ల వయసులో ఎవరూ పెద్దగా తెలియని మహానగరంలో అద్దె ఇల్లు వెతుక్కుని బతుకు మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఆమె రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఒక లెక్క ఒప్పుకోక తప్పదు. కార్మికుడి కేసు ఏళ్ల తరబడి సాగేంత కాలం, దాన్ని భుజానికెత్తుకునే వకీలుకు సెలవు దొరకదు. దుర్గ్‌లోనైనా విశాఖలోనైనా కాంట్రాక్టు కార్మికుల కేసులు వాదించేవారు కొద్దిమందే. వారిని త్యాగమూర్తులని పొగడటం తేలిక. వాయిదాలు తగ్గించి, న్యాయసహాయానికి సరైన ఫీజు ఇచ్చి, ఆ త్యాగం అవసరం లేకుండా చేయడం కష్టం. మొదటిది చాలాకాలంగా చేస్తూనే ఉన్నాం. రెండో పని మిగిలే ఉంది.