పాతపడవలో కాపురము

పడవనెక్కి యేరు దాటుట యొక పని. పడవనే యిల్లుగా చేసికొని, నరసంచారము లేని తీరముల వెంట నెలల తరబడి నివసించుట వేఱొక పని. ఇంటిగోడ నెఱ్ఱె విచ్చినచో వానకాలము వచ్చులోపల పూడ్చుకొందమని యూరకుండవచ్చును. పడవపలక నెఱ్ఱె విచ్చినచో తెల్లవాఱువఱకు నాగుటకును వీలులేదు. ఈ సంగతి మన విద్యార్థులకు బోధపడుటకై, తెరచాపపడవలో నొంటరిగా భూప్రదక్షిణము చేసినవారిలో మొదటివాడైన జాషువా స్లోకమ్ చరిత్రను, అందును ముఖ్యముగా అతడు మెజెల్లన్ జలసంధి ప్రాంతమున గడపిన రెండు నెలల కాలమును గూర్చి యిందు వ్రాయుచున్నాము.

స్లోకమ్ 1844లో, నేడు కెనడాలో భాగమైయున్న నోవాస్కోషియాలో జన్మించెను. చిన్ననాడే సముద్రముమీదికి పోయి, క్రమముగా పెద్ద తెరచాప ఓడలకు కెప్టెనయ్యెను. ఆవిరియోడలు వ్యాపించినకొలది తెరచాప నడుపువారికి పని కఱవయ్యెను. అట్టి దినములలో, 1892లో, ఎబెన్ పియర్సు అను స్నేహితుడు అతనికొక ఓడ నిచ్చెదననియు, దానికి కొంత మరమ్మతు మాత్రము కావలెననియు చెప్పెను. స్లోకమ్ అమెరికాలోని ఫెయిర్‌హేవెన్ అను నూరికి పోయి చూడగా, నీటికి దూరముగా నొక పచ్చికబయలులో, ఆసరాకొయ్యల నడుమ, గుడ్డ కప్పియుంచిన జీర్ణమైన పడవ కనబడెను. దాని పేరు స్ప్రే; అనగా నీటితుంపర. దీనిని విఱుగగొట్టుదువా యని యూరివారడిగిరి. కాదు, తిరిగి కట్టుదునని యతడు బదులు చెప్పెను. గిట్టుబాటగునా యను ప్రశ్న ఏడాదికి పైగా అతని చెవిని పడుచునే యుండెను.

అతడు సమీపమున నున్న ఓక్ చెట్టును నఱకి, దానితో అడుగుదూలము చెక్కెను. పక్కటెముకలవంటి కొయ్యలను ఆవిరిలో ఉడికించి, మెత్తబడగనే వంచి బిగించెను. వానిపై అంగుళమున్నర మందముగల పైన్ పలకలు కొట్టెను. పలకల సందులలో మొదట దూదిని, దానిపై పాతత్రాళ్ల నారను దట్టించెను. నీటిలో దిగిన పలకలు ఉబ్బి యీ నారను గట్టిగా నొక్కిపట్టును. నీరు చొరకుండుటలోని రహస్యమిదియే. మన గంజాం తీరమున మసూలా పడవల పలకలను మేకులు లేకుండ కొబ్బరినార త్రాటితో కుట్టుట పెద్దలెఱుగుదురు. అచ్చట మేకు, ఇచ్చట కుట్టు. నార మాత్రము రెండుచోట్లను కావలసినదే. ఈ పనికి 13 నెలల కాలమును, 553 డాలర్ల 62 సెంట్ల సొమ్మును పట్టినవి. పడవ నిడివి 36 అడుగుల 9 అంగుళములు. వెడల్పు 14 అడుగుల 2 అంగుళములు.

మేమీ కథను తరగతిలో చెప్పినపుడు ఒక బాలుడు లేచి, “మాస్టారూ, పలకలన్నీ మార్చేసిన తరువాత అది పాత పడవ ఎలా అవుతుందండీ?” అని యడిగెను. మంచి ప్రశ్నయే. పాతదానిలోనుండియే కొంచెము కొంచెముగా బాగుచేయబడిన ఓడ, పూర్తిగా క్రొత్తదైనను పాతపేరునకే చెల్లునని నావికుల ధర్మము. స్లోకమ్ కూడ దీనినే చెప్పుకొనెను. అయినను ఈ ప్రశ్నకు మఱియొక సమాధానము కలదు. అది చివర తెలియగలదు.

పడవలో రెండే గదులు. ఆరడుగుల చదరము వంటకు. పది పండ్రెండడుగుల గది పడకకు, పుస్తకములకు. నడుమ నీటిపీపాలు, ఉప్పుమాంసము, ఎండుచేపలు మొదలగునవి. పెద్ద ఓడలవలె చిన్నపడవను వెంట గొనిపోవుటకు చోటు లేనందున, పారవేసిన డోరీపడవ నొకదానిని అడ్డముగా రెండుగా కోసి, కోసినవైపు పలకలు కొట్టి, సగమును మాత్రము తీసికొనెను. ఒడ్డునకు పోవుటకు అదియే పడవ, బట్టలుతుకుటకు అదియే తొట్టి, స్నానమునకును అదియే. గడియారమన్ననో, ముఖము పగిలినందున ఒక డాలరుకే దొరకిన రేకుగడియారము. 1895 ఏప్రిల్ 24న, తన 51వ యేట, అతడు బోస్టన్ రేవు విడిచెను. ఇంతకును అతనికి ఈత రాదు!

1896 ఫిబ్రవరి 11న స్ప్రే మెజెల్లన్ జలసంధిలో ప్రవేశించెను. ఇది దక్షిణ అమెరికా కొనయందు ప్రధానభూమికిని టియెర్రా డెల్ ఫ్యూగో దీవులకును నడుమ సుమారు 350 మైళ్లు వంకరగా సాగిన నీటిదారి. రెండు ప్రక్కల మంచుకొండలు. కొండలపై చల్లబడిన బరువుగాలి లోయలవెంట జాఱి, హఠాత్తుగా నీటిపై విఱుచుకొనిపడును. తెరచాప దింపిన పడవను సైతము అది పడద్రోయగలదు. కావున ప్రతి సాయంకాలమును కొండచాటున నొక కడలిమూల వెదకి లంగరు వేయవలెను, అది పట్టెనో లేదో పరీక్షింపవలెను, తీరమున కట్టెలేరుకొనవలెను, పిమ్మటనే నిద్ర.

జలసంధి దాటి పసిఫిక్ సముద్రమున బడిన వెంటనే తుపాను పట్టుకొని, నాలుగు దినములు పడవను ఆగ్నేయదిశగా కేప్ హార్న్ వైపు తఱిమెను. పెద్దతెరచాప పీలికలయ్యెను. రాత్రివేళ పాలపుంతయని పేరుగల రాళ్లగుంపులో చిక్కి, నురుగు తెల్లదనమునుబట్టి రాళ్లను గుర్తించుచు తెల్లవాఱుదాక తప్పించుకొనెను. తరువాత మఱుగైన నీటిలో లంగరు వేసి, దొరకిన గుడ్డముక్కలన్నియు కూర్చి తెరచాపను కుట్టుకొనెను. కాపలాకు రెండవమనిషి లేడు గనుక, సాంబ్లిచ్ అను కెప్టెను పుంటా అరీనాస్ రేవులో ఇచ్చిన చిన్నమేకులను పడుకొనుటకుముందు పడవపైన చల్లెను. అర్ధరాత్రి పడవనెక్కిన ఆదివాసులు కాళ్లకు మేకులు గ్రుచ్చుకొనగా కేకలు వేయుచు నీటిలోనికి దూకిరి. అయితే వారిని దొంగలని మాత్రమే తలచుట న్యాయము కాదు. వలసవచ్చినవారు వారి నేలనాక్రమించిరి. వారు తెచ్చిన రోగములకు ఆ జాతులు చాలవఱకు నశించెను.

జలసంధిలోని పోర్ట్ ఆంగోస్టో నుండి ఆరుమారులు బయలుదేరి, ఎదురుగాలికి ఆరుమారులును వెనుదిరిగెను. ఏప్రిల్ 13న, ఏడవమారు, పసిఫిక్ సముద్రమున గాలి అనుకూలించెను. పిమ్మట ఆస్ట్రేలియాకు ఉత్తరముననున్న థర్స్‌డే దీవినుండి కీలింగ్ కోకోస్ దీవులకు 2,700 మైళ్లు 23 దినములలో పోయెను. అందు చుక్కాని పట్టినది మూడుగంటలకు మించలేదు. అడుగుదూలము నిడుపుగా నుండుటచేతను, ముందువెనుకల తెరచాపలు తూకముగా నమరుటచేతను, చుక్కానిని కట్టివేసినను స్ప్రే దారితప్పెడిది కాదు. 1898 జూన్ 27న అతడు 46,000 మైళ్లకు పైగా ప్రయాణించి న్యూపోర్ట్ రేవు చేరెను. 1900లో అతని యాత్రాగ్రంథము వెలువడెను.

వృద్ధాప్యమున పడవపై అతని శ్రద్ధ తగ్గెనని చూచినవారు చెప్పిరి. 1909 ప్రాంతమున అతడు స్ప్రేలో దక్షిణ అమెరికాకు బయలుదేరి మఱి కనబడలేదు. కారణమెవ్వరికిని తెలియదు, శ్రద్ధ తగ్గుటయే కారణమని మేమనజాలము. కాని ఆ బాలునికి మేము చెప్పినదిది: పాతపడవను ఒకమారు బాగుచేసినచో క్రొత్తదైపోదు, అందు నివసించువాడు దానిని ప్రతిదినమును బాగుచేయుచుండవలెను. సెలవులలో రేవునకు పోవు విద్యార్థులు, పడవను ఒడ్డునకు లాగి సందులు పూడ్చువారియొద్ద కొంతసేపు నిలిచి, ఆ పనిని చూచి, వారినే యడిగి తెలిసికొందురుగాక.