ఖర్జూర ద్రాక్షల గోధుమ రొట్టె: పథ్యమా? అపథ్యమా?

అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతముల గృహిణులు ఇటీవల తరచుగా అడుగుచున్న ప్రశ్న ఒకటున్నది. "ఖర్జూరములు, ఎండుద్రాక్ష, అక్రోటు పప్పు వేసి ఇంటిలోనే కేకు చేసికొనుచున్నాము. మైదా వేయుట లేదు, పంచదార వేయుట లేదు. కావున పిల్లలకు, వృద్ధులకు, మధుమేహము ఉన్నవారికి కూడ దీనిని నిశ్చింతగా పెట్టవచ్చును గదా?"

మైదాను, పంచదారను మానుట మంచిదే. కాని "నిశ్చింతగా" అను మాట దగ్గర వైద్యుడు ఆగి ఆలోచింపవలసి వచ్చుచున్నది. ఏ పదార్థములు వేసితిమి అనునదొక్కటే ఆహారము యొక్క గుణమును నిర్ణయింపదు. ఎట్లు వండితిమి, దేనితో కలిపితిమి, ఎంత తింటిమి, ఎప్పుడు తింటిమి, తిన్నవారెవరు అనునవి కూడ నిర్ణయించును. చరకాచార్యులు విమానస్థానము మొదటి అధ్యాయములో ప్రకృతి, కరణము, సంయోగము, రాశి, దేశము, కాలము, ఉపయోగసంస్థ, ఉపయోక్త అని ఎనిమిది విషయములను చెప్పి, ఆహారమును వీటినిబట్టి పరీక్షింపుమనిరి. ఆ కొలమానముతోనే ఈ రొట్టెను పరిశీలింతము.

నిప్పు సెగపై రొట్టె మనకు కొత్త కాదు

ఇది పాశ్చాత్యుల వంట, దీనికి ఆయుర్వేదముతో పని ఏమి అని కొందరనుకొనవచ్చును. పదునారవ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశములో "అంగారకర్కటి" అను వంటకమును వర్ణించెను. గోధుమపిండిని ముద్దచేసి, పొగలేని నిప్పులపై నెమ్మదిగా కాల్చుటయే దాని విధానము. అది బలకరము, అగ్నిదీపకము అనియు, లఘువనియు ఆయన చెప్పెను. గోధుమ స్వభావముచేత గురువు. నిప్పుల సెగపై నెమ్మదిగా కాలుటచే దానికి లఘుత్వము వచ్చినది. కరణము, అనగా సంస్కారము, ద్రవ్యగుణమును మార్చుననుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు. మూతపై నిప్పులు పోసి దిబ్బరొట్టెను కాల్చిన మన పెద్దలకు పైసెగ, క్రిందిసెగ యొక్క విలువ బాగుగా తెలియును.

హైదరాబాదు నగరమునకు ఈ విద్య మరింత పరిచితము. మొహర్రము మాసములో పాతబస్తీ బేకరీలలో రవ్వ, నెయ్యి, ఏలకులు, ఎండుఫలములు చేర్చి "దమ్ కే రోట్" కాల్చుదురు. దేశవిభజన తరువాత సింధు ప్రాంతము నుండి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్టు వద్ద కరాచీ బేకరీని నెలకొల్పిరి. దాని ఫ్రూట్ బిస్కెట్లు నేడు దేశమంతట ప్రసిద్ధములు. క్రిస్మసు వచ్చినచో నగరమందలి ప్రతి బేకరీలోను ప్లం కేకు ఉండును.

ఇంటి రొట్టెకు ఈస్టుతో పులియబెట్టు శ్రమ లేదు. వంటసోడా పులుపుతో కలిసినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టి పిండిని పొంగించును. పందొమ్మిదవ శతాబ్దిలో ఐర్లండు దేశపు పల్లెలలో పులిసిన మజ్జిగ, సోడా కలిపి చేసిన రొట్టె ప్రచారములోనికి వచ్చినది ఈ సూత్రము వలననే.

ద్రవ్యముల స్వభావము

ఈ రొట్టెకు ప్రాణము ఖర్జూరము, ద్రాక్ష. చరకసంహితలో శ్రమహరములని చెప్పబడిన పది ద్రవ్యముల పట్టికలో మొదట నిలుచునవి ఈ రెండే. ఫలములన్నిటిలో ద్రాక్షయే శ్రేష్ఠమని కూడ అందే ఉన్నది. ఖర్జూరము మధురము, శీతము, గురువు, బృంహణము. అక్రోటు, బాదము వంటి పప్పులు గురువులు, ఉష్ణములు, స్నిగ్ధములు, వాతహరములు, బలకరములు.

అనగా ఈ రొట్టెలోని ముఖ్యద్రవ్యములన్నియు పుష్టినిచ్చునవే, అన్నియు బరువైనవే. అందుచేతనే శొంఠి, మిరియము, ఏలకులు, దాల్చినచెక్క అవసరమగుచున్నవి. పాశ్చాత్యులు వీటిని పరిమళము కొరకు వేయుదురు. మనము అగ్నిని నిలుపుట కొరకు వేయవలెను. సుగంధద్రవ్యములు లేని ఖర్జూరపు రొట్టె మందాగ్ని గలవారి కడుపులో రాయివలె ఉండును.

సంయోగములో చేయరాని మూడు పనులు

ప్రచారములో ఉన్న వంట విధానములను యథాతథముగా అనుసరించినచో మూడుచోట్ల శాస్త్రవిరోధము వచ్చును.

మొదటిది, అరటిపండును పాలతోగాని, పెరుగు, మజ్జిగలతోగాని కలుపుట. ఇది విరుద్ధాహారము. అరటిపండు రొట్టె చేయదలచినవారు నీటితోనే కలుపవలెను.

రెండవది, పంచదారకు బదులుగా తేనె వేసి కాల్చుట. తేనెను అగ్నిపై వేడిచేయరాదని మన శాస్త్రము స్పష్టముగా నిషేధించినది. దీనికి బెల్లము తగినది. ఏడాది నిలువయున్న అనకాపల్లి బెల్లము దొరికినచో మరింత మంచిది, ఏలన క్రొత్త బెల్లము కఫమును పెంచును.

మూడవది, మెత్తదనము కొరకు పెరుగు వేసి కాల్చుట. వేడిచేసిన పెరుగు కూడ నిషిద్ధమే. సోడాకు కావలసిన పులుపును నిమ్మరసముతో ఇచ్చినచో పని నెరవేరును.

సోడా విషయములో మరియొక జాగ్రత్త. అది క్షారము. పిప్పలి, క్షారము, లవణము అను మూడింటిని అతిగా వాడరాదని చరకులు పైన చెప్పిన విమానస్థానపు మొదటి అధ్యాయములోనే హెచ్చరించిరి. ఎక్కువ పొంగునను ఆశతో సోడా పెంచినచో రొట్టెకు సబ్బు రుచి వచ్చును.

కావలసిన పదార్థములు

గింజ తీసిన ఖర్జూరములు 200 గ్రాములు. ఎండుద్రాక్ష 50 గ్రాములు. మరిగిన నీరు 250 మిల్లీలీటర్లు. జల్లించిన గోధుమపిండి 200 గ్రాములు. బెల్లపు పొడి 60 గ్రాములు. కరిగించిన ఆవునెయ్యి 75 గ్రాములు. అక్రోటు పప్పు 50 గ్రాములు. శొంఠిపొడి 1 చిన్న చెంచా. దాల్చినచెక్క పొడి, ఏలకుల పొడి అర చెంచా చొప్పున. మిరియాల పొడి పావు చెంచా. లవంగములు 2, పొడిచేసినవి. జాజికాయ పొడి చిటికెడు మాత్రమే. వంటసోడా ముప్పాతిక చెంచా. ఉప్పు చిటికెడు. నిమ్మరసము 3 చిన్న చెంచాలు.

తయారుచేయు విధానము

ఖర్జూరములను సన్నగా తరిగి, ద్రాక్షతో కలిపి, మరిగిన నీరు పోసి అరగంట మూతపెట్టవలెను. అవి మెత్తబడిన తరువాత నీటిని పారబోయక గరిటెతో మెదుపవలెను. పూర్తిగా నలుగక అక్కడక్కడ ముక్కలు ఉండుటయే మంచిది. రొట్టెకు తడి నిచ్చునది ఈ గుజ్జే. ఇందులో బెల్లము, నెయ్యి కలిపి పూర్తిగా చల్లారనీయవలెను.

వేరొక పాత్రలో గోధుమపిండి, సోడా, ఉప్పు, సుగంధద్రవ్యముల పొడులు కలిపి రెండుసార్లు జల్లించవలెను. తరిగిన అక్రోటు ముక్కలను ఈ పొడిపిండిలో వేసి కలిపినచో అవి అడుగునకు దిగవు. ఇప్పుడు చల్లారిన గుజ్జును పోసి, పొడిపిండి కనబడనంతవరకు మాత్రమే కలుపవలెను. చపాతీపిండివలె మర్దించినచో గోధుమలోని జిగురు సాగి రొట్టె గట్టిపడును. పిండి ఇడ్లీపిండివలె బరువుగా జారవలెను. మరీ గట్టిగా ఉన్నచో రెండు మూడు చెంచాల నీరు చేర్చవచ్చును.

నిమ్మరసమును చిట్టచివర కలిపి, వెంటనే నెయ్యి రాసిన పాత్రలో మూడింట రెండువంతులకు మించకుండ పోయవలెను. నిమ్మరసము తగిలిన క్షణము నుండియే వాయువు పుట్టుచుండును. పాత్రను ప్రక్కన పెట్టి మరియొక పని చూచుకొని వచ్చినచో ఆ వాయువు పోయి రొట్టె అణగిపోవును.

ఓవెను ఉన్నవారు ముందుగా వేడిచేసి, 170 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 50 నిమిషములు మొదలు 1 గంట వరకు కాల్చవలెను. ఓవెను లేనివారికి ప్రెషరు కుక్కరు చాలును. వెయిటు, రబ్బరు గాస్కెట్టు రెండును తప్పక తీసివేయవలెను. నీరు పోయరాదు. అడుగున అంగుళము మందమున ఇసుకగాని, రాళ్ళ ఉప్పుగాని పరచి, దానిపై స్టాండు పెట్టి, 10 నిమిషములు వేడిచేసిన తరువాత రొట్టెపాత్రను దించి, సన్నని సెగపై సుమారు 1 గంట ఉంచవలెను. మొదటి 40 నిమిషములు మూత తీయరాదు. మధ్యలో శుభ్రమైన పుల్ల గ్రుచ్చినప్పుడు పచ్చిపిండి అంటకుండ వచ్చినచో రొట్టె కాలినట్లు. ఖర్జూరపు గుజ్జు కొంచెము అంటినను దోషము లేదు.

దింపిన వెంటనే కోయరాదు. పూర్తిగా చల్లార్చి, పలుచని గుడ్డలో చుట్టి ఉంచి, మరునాడు కోసినచో ముక్క విరుగదు, సుగంధము లోపలికి పట్టును. ఎండకాలములో బయట ఒక్కదినమునకు మించి ఉంచరాదు. చలికాలములో రెండు దినములు నిలుచును. బూజు కనబడినచో ఆ భాగము కోసివేసి తినుట కాదు, మొత్తము పారవేయవలెను.

రాశి: అసలు కీలకమిచ్చటనే

"పంచదార లేదు" అను మాటను ఇప్పుడు లెక్కవేసి చూడుడు. 200 గ్రాముల ఖర్జూరములలో సహజమైన చక్కెర సుమారు 130 గ్రాములు. 50 గ్రాముల ఎండుద్రాక్షలో సుమారు 30 గ్రాములు. 60 గ్రాముల బెల్లములో సుమారు 50 గ్రాములు. మొత్తము 210 గ్రాములు. రొట్టెను 16 ముక్కలుగా కోసినచో ఒక్కొక్క ముక్కకు సుమారు 13 గ్రాములు వచ్చును. ఇది మూడు చిన్న చెంచాల పంచదారతో సమానము. దీనికి గోధుమపిండిలోని పిండిపదార్థము అదనము. ఖర్జూరములోని పీచు చక్కెర రక్తములో చేరు వేగమును కొంత తగ్గించునేగాని, చక్కెరను లేకుండ చేయదు. మధుమేహ రోగి "ఇది ఇంటిలో చేసినది" అని మూడు ముక్కలు తినినచో తొమ్మిది చెంచాల చక్కెర తినినట్లే.

గురుద్రవ్యములను కడుపునిండ తినక, మూడవ వంతుకో, సగమునకో ఆపవలెనని చరకులు విధించిరి. ఆరోగ్యవంతుడైన పెద్దకు ఒక ముక్క, గట్టిగా శ్రమించువారికి రెండు ముక్కలు చాలును.

దేశము, కాలము, తినవలసిన పద్ధతి

హైదరాబాదులో నవంబరు నుండి ఫిబ్రవరి వరకు చలి ఉండును. హేమంత శిశిరములలో జఠరాగ్ని ప్రబలముగా ఉండును. ఈ రొట్టెకు అదియే తగిన కాలము. వర్షర్తువులో అగ్ని మందగించును కావున అరుదుగా చేసికొనవలెను. ఎండకాలములో చేసినచో లవంగము, మిరియము మాని, ఏలకులు మాత్రము వేయవలెను.

ఉదయమునగాని, సాయంకాలము నాలుగు గంటలకుగాని, ఆకలి వేసినప్పుడు తినవలెను. భోజనము చేసిన వెంటనే మిఠాయివలె తినుట, రాత్రి నిద్రకు ముందు తినుట తగదు. పిండితో చేసిన భక్ష్యములకు గోరువెచ్చని నీటిని అనుపానముగా వాగ్భటుడు చెప్పెను. చల్లని పానీయములతో తినరాదు. తిన్న మూడు నాలుగు గంటలకు త్రేన్పు శుద్ధముగా ఉండి, శరీరము తేలికపడి, మరల ఆకలి వేసినచో అది మీకు సరిపడినట్లు గుర్తింపవలెను.

ఎవరికి పథ్యము, ఎవరికి కాదు

మైత్రీవనము పరిసరములలోని వసతిగృహములలో ఉండి కంప్యూటరు కోర్సులకో, పోటీపరీక్షలకో చదువుకొను యువతీయువకులు అనేకులున్నారు. ఉదయపు తరగతికి పరుగెత్తుచు ఉపాహారము మానివేసి, పదునొకండు గంటలకు మైదా పఫ్‌తో, టీతో కడుపు నింపుకొనుట వీరిలో కనబడు అలవాటు. ఇట్టివారికి ఉదయము రెండు ముక్కలు, పైన గోరువెచ్చని నీరు శ్రమహరమగును. ఊరి నుండి తల్లి పంపదగిన వస్తువే ఇది. కృశించినవారికి, వాతప్రకృతివారికి, ఎదుగు పిల్లలకు కూడ మంచిది. కాని నాలుగైదేండ్లలోపు పిల్లలకు పప్పులు గొంతుకు అడ్డుపడు ప్రమాదమున్నది కావున పొడిచేసి వేయవలెను. పప్పులు సరిపడక దద్దురులు, ఆయాసము వచ్చువారు అక్రోటును పూర్తిగా మానవలెను. గోధుమ సరిపడనివారికి ఈ రొట్టె పనికిరాదు.

కఫప్రకృతివారు, స్థూలకాయులు, అజీర్ణముతో నాలుకపై పూత కట్టినవారు దీనిని మానుటయే మంచిది. మధుమేహ రోగులు వైద్యుని అనుమతితో, అన్నమునకు అదనముగా కాక కొంత అన్నమునకు బదులుగా, సగము ముక్కకు మించకుండ తినవచ్చును. గర్భిణులలో రక్తమున చక్కెర పెరిగినవారికి కూడ ఇదే నియమము.

మూత్రపిండముల వ్యాధి ఉన్నవారి విషయములో మరింత జాగరూకత కావలెను. ఖర్జూరములలోను, ఎండుద్రాక్షలోను పొటాషియము ఎక్కువ. దుర్బలమైన మూత్రపిండములు దానిని వెడలగొట్టజాలవు. రక్తములో పొటాషియము మితిమీరినచో గుండె లయ తప్పును. పంజగుట్టలోని నిమ్స్ వంటి ఆసుపత్రిలో డయాలసిస్‌పై ఉన్న బంధువును చూడబోవునప్పుడు, ప్రేమతో చేసినదే అయినను ఈ రొట్టెను తీసికొనిపోయి అతని చేతిలో పెట్టరాదు. అక్కడి వైద్యులను, ఆహారనిపుణులను అడిగిన పిమ్మటనే ఏదైనను ఇవ్వవలెను.

ఇంటిలో చేసినది బజారుదానికంటె శుచిగా ఉండును. అయినను అది తినువాని అగ్నికి, వ్యాధికి, వయస్సునకు తగినప్పుడే పథ్యమగును. రొట్టెను కోయుచున్నప్పుడే ఎవరికి ఒక ముక్క, ఎవరికి సగము, ఎవరికి వద్దు అని నిర్ణయించి పంచుడు. పళ్ళెమును బల్లపై వదలివేయకుడు.