ఏడాది పుస్తకాలు – తీరని రుణాలు

పుస్తకం చదివినవాడు ఎన్ని చదివాడన్నది అంత ముఖ్యం కాదు. చదివిన తరువాత ఇంట్లో మనిషిని చూసే చూపు ఏమైనా మారిందా అన్నదే ముఖ్యం. గత సంవత్సరం మేము చదివిన పుస్తకాలలో యాత్రాగ్రంథం ఉంది, కథలు ఉన్నాయి, ఆత్మకథ ఉంది, విజ్ఞానశాస్త్రం ఉంది. ఒకదానికొకటి పొంతన లేని ఈ పుస్తకాలు మా మనసులో మాత్రం ఒకే ప్రశ్నను మిగిల్చాయి: ఒక మనిషి ఎదగటానికి వెనుక నిలిచి మూల్యం చెల్లించినవారు ఎవరు?

మొదట చదివినది ఇబ్న్ బతూతా యాత్రాగ్రంథం. 1325లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, ఆయన హజ్ యాత్ర కోసం మొరాకోలోని తంజా పట్టణం నుండి ఒంటరిగా బయలుదేరారు. మక్కాతో ఆగక ఆఫ్రికా తూర్పుతీరం, మధ్య ఆసియా, హిందూస్థానం, మాల్దీవులు చూసి వచ్చారు. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేశారు. చివరకు మొరాకో సుల్తాను ఆదేశంపై ఆయన చెబుతూ ఉండగా ఇబ్న్ జుజయ్ అనే పండితుడు గ్రంథస్థం చేశారు. 1355లో అది పూర్తయింది.

ఆ సాహసానికి అబ్బురపడ్డాము. కాని 1348లో ఆయన తిరిగి దమస్కస్ చేరిన ఘట్టం దగ్గర మా మనసు చివుక్కుమంది. ఏనాడో అక్కడ విడిచి వెళ్లిన భార్యకు కలిగిన కుమారుని గురించి విచారిస్తే, ఆ బిడ్డ పన్నెండేళ్ల క్రితమే చనిపోయాడని తెలిసింది. తన తండ్రి మరణించి పదిహేనేళ్లయిందని కూడా అక్కడే విన్నారు. స్వస్థలం చేరేలోపే తల్లి కూడా ప్లేగు వ్యాధికి బలైపోయింది. ప్రపంచానికి ఒక మహాగ్రంథం దక్కింది, నిజమే. కాని ఎదురుచూసిన ఆ తల్లి, ఆ భార్య ఏమనుకున్నారో చెప్పే పుట ఒక్కటీ అందులో లేదు. బ్రతుకుతెరువు కోసం గల్ఫ్ దేశాలకు మనుషులను పంపిన మన ఇళ్లలో ఆ లోటు ఇట్టే అర్థమవుతుంది.

అందుకు భిన్నమైనది బేగం రుఖయ్యా సఖావత్ హుసేన్ రచించిన 'సుల్తానా స్వప్నం'. 1905లో మద్రాసు నుండి వెలువడే ఒక ఆంగ్ల మహిళాపత్రికలో అచ్చయిన చిన్న కథ ఇది. అందులో స్త్రీలు సూర్యరశ్మిని, మేఘాలలోని నీటిని వినియోగించుకుంటూ రాజ్యమేలుతారు. పురుషులు మర్దానాలో, అంటే ఇంటి లోపలే ఉండిపోతారు. నవ్వుకుంటూ చదివాము గాని ఆ ఏర్పాటు మాకు న్యాయంగా తోచలేదు. నిర్బంధం ఎవరిదైనా నిర్బంధమే కదా! అయితే పురుషులను లోపల ఉంచితే వింతగా తోచినది, స్త్రీలను ఉంచినప్పుడు ఎందుకు తోచదని ఆమె అడగదలచిన ప్రశ్న మాత్రం సూటిగా తగిలింది.

రచయిత్రి జీవితం కథ కంటే గొప్పది. ఆడపిల్లలకు ఆంగ్లం కూడదన్న ఆ ఇంట్లో అన్న ఇబ్రాహీం రాత్రివేళ అందరూ నిద్రించాక చెల్లెలికి రహస్యంగా చదువు చెప్పారు. భర్త సఖావత్ హుసేన్ బాలికల పాఠశాల కోసం పదివేల రూపాయలు కేటాయించి కన్నుమూశారు. 1911లో ఎనిమిదిమంది బాలికలతో ఆమె కలకత్తాలో నడపనారంభించిన పాఠశాల భర్త పేరుతోనే నిలిచింది. ఒక అన్న, ఒక భర్త తమ ఇంట్లోని స్త్రీకి అండగా నిలిస్తే దాని ఫలం ఎన్ని ఇళ్లకు చేరిందో చూడండి.

ప్రేమ్‌చంద్ 'ఈద్‌గాహ్' కథ మన పాఠకులలో చాలామందికి తెలిసినదే. తల్లిదండ్రులు లేని పసివాడు హామిద్ పండుగనాడు మూడు పైసలతో సంతకు వెళతాడు. తోటిపిల్లలు బొమ్మలు, మిఠాయిలు కొనుక్కుంటారు. వాడు మాత్రం రొట్టెలు కాల్చేటప్పుడు నానమ్మ అమీనా వేళ్లు కాలుతున్నాయని చిమ్టా కొంటాడు. ఈ కథ చెప్పి పిల్లలకు త్యాగబుద్ధి బోధించటం పరిపాటి. ఈసారి చదివినప్పుడు మా ఆలోచన మరోవైపు మళ్లింది. ఆ వయసు బిడ్డకు బొమ్మ కావాలి. వాడు పెద్దవాడిలా ఆలోచించవలసి వచ్చిందంటే చుట్టూ ఉన్న పెద్దలు తమ బాధ్యత నెరవేర్చలేదనే అర్థం. హామిద్‌ను మెచ్చుకుని ఊరుకోరాదు. మన వీధిలోని హామిద్‌కు పండుగ ముందురోజే బొమ్మ చేరాలి.

అబ్దుల్ కలాం ఆత్మకథ తెలుగులో 'ఒక విజేత ఆత్మకథ'గా లభిస్తున్నది. రాకెట్ల గురించిన అధ్యాయాలు కొన్నిచోట్ల మాకు భారంగా తోచాయి. కాని ఒక సంఘటన మరువలేము. మద్రాసులో సాంకేతికవిద్యలో చేరటానికి సుమారు వెయ్యి రూపాయలు కావలసి వచ్చినప్పుడు, ఆయన అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టారు. పెళ్లిళ్లకు నగలు చేయించటానికి అప్పులు చేసే మనం, చదువు కోసం నగలు తాకట్టు పెట్టిన ఆ అక్కను ఎంతగా గుర్తుంచుకున్నాము?

రేచల్ కార్సన్ 1962లో ప్రచురించిన 'నిశ్శబ్ద వసంతం' డి.డి.టి. వంటి పురుగుమందులు నేలలోకి, నీటిలోకి, పక్షుల గుడ్లలోకి ఎలా చేరుతాయో వివరించే గ్రంథం. క్యాన్సర్‌తో బాధపడుతూనే ఆమె దానిని పూర్తిచేశారు. రసాయన సంస్థల విమర్శలను ఎదుర్కొన్నారు, 1964లో మరణించారు. ఆ తరువాత 1972లో అమెరికా డి.డి.టి. వాడకాన్ని చాలావరకు నిషేధించింది. పత్తి, మిరప చేలలో ఒట్టిచేతులతో మందు కలిపే మన రైతులను, కూలీలను తలచుకుంటూ చదివాము. ఇది దూరదేశపు పుస్తకమని ఒక్క పుటలోనూ అనిపించలేదు.

చివరగా మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు'. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాషతో పెరిగే మన పిల్లల బాల్యం నెల్లూరు మాండలికంలో ఇంత సహజంగా పలకటం చూసి సంతోషించాము. కడుపుబ్బ నవ్వించిన కథలే, పుస్తకం మూసిన తరువాత ఆ ఇళ్లలోని లేమిని గుర్తుచేశాయి. మన ముచ్చట్లు కూడా సాహిత్యమేనన్న ధైర్యాన్ని ఇచ్చే పుస్తకం ఇది.

ఈ పుస్తకాలు మాపై మోపిన రుణం తీర్చే మార్గం మాత్రం మన ఇళ్లలోనే ఉంది. ఇషా నమాజ్ తరువాత ఒక అరగంట ఫోన్లు పక్కన పెట్టి ఇంటిల్లిపాదీ చదువుకోవచ్చు. ఆ సమయంలో గిన్నెలు తోమే పని ఒక్క ఆడపిల్లకే మిగలకుండా అన్నదమ్ములూ చేయి వేయాలి. పండుగ ఖర్చులో ఒక పుస్తకానికి చోటివ్వాలి. తన గాజులు తాకట్టు పెట్టిన అక్క, చీకటిలో దీపం పట్టిన అన్న ప్రతి కుటుంబంలోనూ ఉండగలరు. ఈ సంవత్సరం మీ ఇంట్లో ఆ స్థానం ఎవరిదో మీరే నిర్ణయించుకోండి.