కంప్యూటరుచే తెలుగు చదివించుట – ఉచ్చారణవిచారము

తెలుగును వ్రాసినట్లే చదువుదుమని లోకప్రసిద్ధి. ఇది చాలవఱకు సత్యమేకాని సర్వత్ర సత్యము కాదు. చదువరి ఆ కొఱతను తన భాషాజ్ఞానముచే పూరించుకొనును. యంత్రమున కా జ్ఞానము లేదు గనుక ప్రోగ్రాము వ్రాయువాడే దానిని సమకూర్పవలెను. చూపులేని విద్యార్థికి కంప్యూటరు వినిపించినదే గ్రంథము. కావున ఇందలి ఉచ్చారణదోషము పాఠదోషమే యగును.

ఈ విచారమునకు హైదరాబాదు తగిన తావు. 1958లో స్థాపితమైన ఆంగ్లభాషాసంస్థ, నేటి ఇఫ్లూ, తార్నాక చెంతనే యున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు తొలి భాషాశాస్త్రాచార్యులైరి. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ 2012లో ప్రకటించిన ధ్వనిసంపుటములలో ఏడు భారతీయభాషలు గలవు. అందు తెలుగు నొకటి.

ఉచితముగా లభించు ఈస్పీక్ ఎన్‌జీ అను సాధనమును ఉదాహరణముగా గ్రహింతము. దీనిని కంప్యూటరునందు స్థాపించిన పిదప ప్రోగ్రాము పాఠమును దీని కందించును. ఇది ధ్వనిని తిరిగి యిచ్చును. పాఠము యూనికోడునందే యుండవలెను. పాత ఫాంటులలో కూర్చిన పాఠమును ముందుగా మార్చనిచో యంత్రమునకు తెలుగు కనబడదు. భాషగా తెలుగును స్పష్టముగా నిర్దేశింపవలెను. సంస్కృతపాఠమునకు హిందీ స్వరమును నియోగించిన పదాంతమందలి అకారము లోపించి, ‘రామ’ అనునది ‘రామ్’ అగును. నిమిషమునకు 175 పదముల సహజవేగము దీర్ఘసమాసములు గల తెలుగునకు అధికము; దానిని తగ్గింపవలెను.

తరువాత పాఠసంస్కారము. ‘రూ.’ అనునది ‘రూపాయలు’ కావలెను. 1962 సంవత్సరమైనచో ‘పందొమ్మిదివందల అరువదిరెండు’ అని, టెలిఫోను సంఖ్యలోనిదైనచో అంకెకు అంకెగా చదువవలెను. మౌలా, అలీ అను పదములు కలిసి తెలుగువారి నోట ‘మౌలాలి’ యైనది. తెలుగులిపిలో నున్న చిక్కులేదు. రోమనులిపిలో విడదీసి వ్రాసిన పేరు ఆంగ్లరీతిని పలుకబడవచ్చును. ఇట్టివానికి ఒక పట్టిక వ్రాసి, పాఠమును యంత్రమున కందించుటకు ముందే మార్చుట సుకరము.

లిపి దాచిన భేదములు ఇంతకంటె సూక్ష్మములు. పూర్ణబిందువు ‘అంగము’నందు ఙకారము, ‘పండు’నందు ణకారము, ‘పంపు’నందు మకారము. ఇవి పరవర్ణము ననుసరించునవి గనుక నియమముచే సాధ్యములు. ‘చలి’యందలి చకారము దంత్యము, ‘చంద్రుడు’నందలిది తాలవ్యము, రెంటికిని వెనుక నున్నది అకారమే. తొలిది దేశ్యము, రెండవది తత్సమము. పదజాతి నెఱుగక ఈ భేదమును నిర్ణయింపరాదు. కావున అట్టి పదములను సాధనమునందలి ఉచ్చారణకోశమున చేర్చి, ఆ కోశమును మరల సంకలనము చేయవలెను. ఆ ధ్వనికి సంకేత మున్నదో లేదో ముందే చూచుకొనుట మేలు.

శిక్షాశాస్త్రము వర్ణముతోపాటు మాత్రను, స్వరమును, వర్ణసంయోగమును విచారించినది. యంత్రమునకు నేర్పవలసినవియు నివియే. పరీక్షాసమయమున ఒకరు పాఠమును చూడక విని, విన్నదానిని వ్రాయవలెను. ఆ వ్రాతను మూలముతో పోల్చిన ఏ వర్ణము చెడినదో తెలియును. పాఠమును చూచుచు వినువానికి యంత్రము పలుకనిదియు వినబడును.