తల్లుల వృత్తి మార్గదర్శనం

1. పరిచయం

ఉద్యోగం చేస్తున్న, చేయాలనుకుంటున్న, ఒకప్పుడు చేసి మానేసిన తల్లులకు వృత్తి విషయంలో ఎలా సలహా ఇవ్వాలో ఈ పాఠంలో తెలుసుకుంటారు. వృత్తి మార్గదర్శనం సాధారణంగా అభిరుచి, సామర్థ్యం, అవకాశం అనే మూడు అంశాల మీద నడుస్తుంది. ఇంటర్మీడియట్ పూర్తిచేసిన కుర్రవాడికి ఈ మూడూ చాలు. మూడేళ్ల పాప ఉన్న తల్లికి చాలవు. ఆమె విషయంలో ముందుగా అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఆమె రోజులోని గంటలు ఎవరి చేతిలో ఉన్నాయి? ఇది అడగకుండా ఇచ్చిన సలహా ఎంత మంచిదైనా ఆమెకు మరో బరువే అవుతుంది.

ఈ పుస్తకం చేతికి అందుకున్న వారిలో తల్లులు చాలామందే ఉంటారు. కాబట్టి ఈ పాఠాన్ని సలహాదారుగానూ, సలహా కోరేవారిగానూ చదవండి.

2. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అనుభవం

'కెరీర్ కోచింగ్' అనే మాట మనకు కొత్త కావచ్చు గానీ, ఆ పని కొత్తది కాదు. తెలుగు స్త్రీల విషయంలో దానికి పునాది వేసినవారు దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లయింది. ఊహ తెలిశాక ఆ బంధం నుంచి బయటికి వచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లివచ్చాక, బనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షను ప్రైవేటుగా రాసి ఉత్తీర్ణులయ్యారు. ఆపైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివారు, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేశారు.

వాల్తేరులో స్త్రీలకు హాస్టల్ లేదన్న కారణం ఆమె ప్రవేశానికి అడ్డు వచ్చింది. ఆమె ఇంటికి తిరిగిపోలేదు. చదవాలనుకునే మరికొందరు స్త్రీలను కూడగట్టి, హాస్టల్ ఏర్పాటు చేసుకున్నారు. ఈ చిన్న ఉదంతాన్ని మీరు గుర్తుంచుకోవాలి. అక్కడ లోపించింది ఆమె పట్టుదల కాదు, వసతి. వసతి ఏర్పడగానే చదువు సాగింది.

1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ఇదే దారిలో నడిచింది. బడి మధ్యలో మానేసిన స్త్రీలను బనారస్ పరీక్షకు తయారుచేసే తరగతులు అక్కడ జరిగాయి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. అప్పటికి గ్రామసేవికలు, నర్సులు, మంత్రసానులు, ఉపాధ్యాయినులు కావాలని ప్రణాళికలు చెబుతున్నాయి. కావలసిన చదువు ఉన్న స్త్రీలు మాత్రం పల్లెల్లో దొరకడం లేదు. మరోవైపు నాలుగైదు తరగతులు చదివి, పెళ్లయి, భర్త పోయో, భర్త వదిలేసో, చాలీచాలని ఆదాయంతోనో బతుకు నెట్టుకొస్తున్న స్త్రీలు ఊరూరా ఉన్నారు. ఈ రెంటినీ కలపడానికి బోర్డు 1958లో కండెన్స్‌డ్ కోర్సులు ప్రారంభించింది. ఏళ్ల తరబడి సాగే బడి చదువును కుదించి, రెండేళ్లలో పరీక్షకు సిద్ధం చేసే ఏర్పాటు ఇది.

ఇందులో సలహాదారు నేర్చుకోవలసింది ఏమిటి? ముప్పై ఏళ్ల స్త్రీని మళ్లీ ఆరో తరగతి బల్ల మీద కూర్చోబెట్టి 'సర్దుకుపో' అనలేదు. ఆమె బతుకుకు సరిపడేలా చదువునే సర్దారు. చదువు చివర ఏ ఉద్యోగం ఉందో ముందే చూపించారు. ఆమె అధ్యక్షతన స్త్రీ విద్యపై ఏర్పడిన జాతీయ కమిటీ 1959లో ఇచ్చిన నివేదిక, ఇంటి బాధ్యతలున్న స్త్రీలకు పార్ట్‌టైమ్ ఉద్యోగాలు కూడా కావాలన్నది. ఆరు దశాబ్దాలు దాటినా, గౌరవమైన జీతంతో, సెలవులతో, పదోన్నతితో కూడిన పార్ట్‌టైమ్ ఉద్యోగం మన ప్రాంతంలో అరుదే. పార్ట్‌టైమ్ అంటే సగం జీతానికి ముప్పావు పని అన్న అర్థమే ఇంకా నడుస్తోంది.

3. రోజు లెక్క

జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు దానిపై రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. చేసే పురుషులు 97 నిమిషాలు. 'చేసే' అన్న మాట గమనించండి. సర్వే జరిగిన రోజు ఇంటిపనిలో పాలుపంచుకున్న స్త్రీలు 81 శాతం, పురుషులు 26 శాతమే. పిల్లలు, వృద్ధుల సంరక్షణ దీనికి అదనం: ఆ పని చేసే స్త్రీలకు 134 నిమిషాలు, పురుషులకు 76.

ఈ సంఖ్యలను ఒక ఇంటికి అన్వయిద్దాం. మా రామాపురం లాంటి ఊరి నుంచి తెనాలికో, బాపట్లకో, రేపల్లెకో రోజూ వెళ్లివచ్చే ఒక ప్రైవేటు పాఠశాల టీచరును ఊహించండి. బీఈడీ చదివింది. మూడేళ్ల పాప ఉంది. డీఎస్సీ రాయాలని కోరిక. బడి ఏడున్నర గంటలు, రానుపోను ప్రయాణం గంటన్నర, ఇంటిపని ఐదు గంటలు, పాప పని రెండుంపావు గంటలు, నిద్ర ఏడు గంటలు. మొత్తం ఇరవై మూడుంపావు. స్నానం, భోజనం, డీఎస్సీ చదువు మిగిలిన ముప్పావు గంటలోనే జరగాలి. సర్వే సగటులో ఉద్యోగం లేని గృహిణులూ ఉన్నారు కనుక ఈమె ఇంటిపని కొంత తక్కువే కావచ్చు. గంట తగ్గించినా చిత్రం పెద్దగా మారదు.

ఈమెకు 'సమయపాలన నేర్చుకోండి, తెల్లవారుజామున నాలుగింటికి లేవండి' అని చెప్పే సలహాదారులు చాలామంది. అది సలహా కాదు, నిద్రలో కోత. కోత పెట్టవలసినది ఐదు గంటల ఇంటిపనిలో. దానికి ఆమె ఒక్కతితో మాట్లాడితే లాభం లేదు, ఇంట్లో మిగతావారితోనూ మాట్లాడాలి. సంభాషణ ఇలా మొదలుకావచ్చు.

"ఏమ్మా, మీరు బడిలో ఉన్నప్పుడు పాపకు జ్వరం వస్తే సెలవు ఎవరు పెడతారు?"

"నేనేనండీ."

"మీవారు ఎప్పుడైనా పెట్టారా?"

"ఆయనకు కుదరదండీ. మా అత్తగారు చూస్తారు గానీ, ఆవిడకు మోకాళ్ల నొప్పులు."

ఈ నాలుగు మాటల్లో ఎంత సమాచారం ఉందో చూడండి. అభిరుచి పరీక్షలు పది పెట్టినా ఇది తెలియదు. తరువాతి సమావేశానికి భర్తనూ రమ్మని పిలవాలి. అత్తగారిని దోషిగా నిలబెట్టడం ఎంతమాత్రం పనికిరాదు. చాలా ఇళ్లలో కోడలి ఉద్యోగం నిలిచిందంటే ఆవిడ మోకాళ్ల మీదే నిలిచింది.

4. "మిగిలేది ఎనిమిది వేలేగా!"

పై టీచరు జీతం నెలకు 15,000 రూపాయలు అనుకుందాం. ప్రయాణానికి 1,800, పాపను చూసే పొరుగింటామెకు 4,000, ఇతర ఖర్చులు 1,200 పోగా 8,000 మిగులుతాయి. 'దీనికోసం ఇంత యాతనా?' అని ఇంట్లో అంటారు. ఆమెకూ అదే అనిపిస్తుంది. ఎక్కువమంది ఉద్యోగం మానేది ఇక్కడే.

ఈ లెక్కలో రెండు లోపాలున్నాయి. మొదటిది, పాపను చూసే ఖర్చంతా తల్లి జీతంలోనే కోయడం. పాప ఇద్దరి బిడ్డ అయినప్పుడు ఆ ఖర్చు ఇద్దరి ఆదాయంలోంచి పోవాలి. అలా వేస్తే ఆమెకు మిగిలేది 10,000. రెండవది, ఈ నెలనే చూడడం. పాప బడికి వెళ్లే వయసు రాగానే ఆ 4,000 తగ్గుతుంది. అనుభవ ధ్రువపత్రం, భవిష్య నిధి, పాఠం చెప్పే అలవాటు మాత్రం ఏటేటా పెరుగుతాయి. అయిదేళ్లు మానేస్తే అవన్నీ పోతాయి.

అయితే మానడమే సరైన సందర్భాలూ ఉంటాయి. బిడ్డకు ప్రత్యేక అవసరాలుండవచ్చు, తల్లి ఆరోగ్యం దెబ్బతినవచ్చు, అసలామెకే కొంతకాలం ఇంట్లో ఉండాలని ఉండవచ్చు. సలహాదారు తీర్పు చెప్పకూడదు. లెక్క సరిగా వేసి ఆమె ముందు పెట్టాలి.

2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన క్లాడియా గోల్డిన్ అమెరికా సమాచారాన్ని పరిశీలించి ఇలాంటి విషయమే చూపించారు. ఒకే చదువు, ఒకే వృత్తి ఉన్న స్త్రీపురుషుల జీతాల మధ్య ఇప్పుడు కనిపించే తేడాలో ఎక్కువ భాగం మొదటి బిడ్డ పుట్టిన తరువాత వచ్చేదే. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చేవారికే ఎక్కువ చెల్లించే ఉద్యోగాలు ఈ తేడాను పెంచుతాయి.

5. చట్టం

ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో వచ్చింది. 2017 సవరణ జీతంతో కూడిన సెలవును మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలకు పెంచింది. 50 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లవచ్చనీ చెప్పింది. సవరణ మంచిదే. కానీ ఈఎస్ఐ పరిధిలో లేని సంస్థల్లో సెలవు కాలపు జీతమంతా యజమానే భరించాలి. దాంతో కొత్తగా పెళ్లయిన అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకోవడానికి వెనకాడేవారు ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులలో తండ్రికి 15 రోజుల సెలవు ఉంది. బిడ్డను పెంచడంలో తండ్రి వాటా ఎంతని మన వ్యవస్థ అనుకుంటోందో ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

6. విరామం తరువాత, తనకోసం

మానేసి తిరిగి వచ్చే తల్లికి మొదట అడ్డు వచ్చేది జంకు. బయోడేటాలో ఖాళీ సంవత్సరాలను దాచవద్దని చెప్పండి. 'పిల్లల పెంపకం కోసం విరామం' అని ఏళ్లతో సహా రాసి, ఆ కాలంలో చదివినదీ, చేసినదీ కింద చేర్చమనండి. శాస్త్ర రంగంలో విరామం తీసుకున్న స్త్రీల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2002-03లోనే ప్రత్యేక పథకం తెచ్చింది. ఇతర రంగాలలో అటువంటి ద్వారాలు తక్కువ. అందుకే చిన్నదైనా ఒక కోర్సు చేతిలో ఉండడం మేలు. 1982లో హైదరాబాదులో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, దేశంలోనే అటువంటి విశ్వవిద్యాలయాలలో మొదటిది. బడి గంటకు రాలేని వారికి చదువును ఇంటికి పంపడం దాని పద్ధతి. ఆదివారం తరగతులు పెడతాం గానీ, తల్లులకు ఇంటిపని ఎక్కువగా ఉండేదీ ఆదివారమే!

ఇక ఆత్మతృప్తి. జీతం, పిల్లలు, అత్తమామల మందులు అన్నీ అయ్యాక ఏమైనా మిగిలితే అది తనకని చాలామంది తల్లులు అనుకుంటారు. మిగలదు. వీణ, కుట్టుపని, పుస్తకం, స్నేహితురాలింట గంటసేపు కబుర్లు, ఏదైనా కావచ్చు. దానికి వారంలో ఒక గంట పేరుపెట్టి కేటాయించాలి. ఉద్యోగమే ఆ తృప్తి ఇచ్చే అదృష్టవంతులూ ఉన్నారు. అందరికీ ఇవ్వాలని లేదు. జీతం కోసమే ఉద్యోగం చేస్తున్నానని ఒక తల్లి చెబితే సలహాదారు ఆమెను తక్కువగా చూడకూడదు.

అభ్యాసం: మీ ఇంట్లో పదేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఒక వరుస గీసి, వారం రోజులపాటు ఎవరు ఏ పనికి ఎన్ని నిమిషాలు వెచ్చించారో రాయండి. ఎవరి వరుస వారే నింపాలి, తల్లి నింపకూడదు. ఆ కాగితాన్ని ఇంట్లో అందరికీ కనిపించేలా గోడకు అంటించి, ఆ మరుసటి వారం మళ్లీ లెక్క రాయండి. రెండు కాగితాలనూ తరువాతి సంపర్క తరగతికి తీసుకురండి.