పాడుపడిన ఇండ్లు – పన్ను బకాయిలు – భూమి బ్యాంకు

'భూమి బ్యాంకు' అను మాట వినగానే మన విద్యార్థులలో పలువురికి రెండు సంస్థలు స్ఫురించును. ఒకటి, పూర్వము రైతులకు పొలము తాకట్టుపై దీర్ఘకాలిక ఋణములిచ్చిన సహకార భూమి తనఖా బ్యాంకు. రెండవది, పరిశ్రమల కొరకు ప్రభుత్వము ముందుగా సేకరించి ఉంచు స్థలముల నిల్వ. మేము ఈ వ్యాసమునందు చెప్పదలచినది ఈ రెండును కాదు. యజమాని విడిచిపోయిన, పన్ను బకాయిపడిన, కొనువారు లేని పట్టణపు ఇండ్లను, ఖాళీ స్థలములను తన చేతిలోనికి తీసికొని, వానిని మరల మనుష్యులకు పనికివచ్చునట్లు చేయు ప్రభుత్వ సంస్థను గూర్చి మేము వ్రాయుచున్నాము. అది అమెరికా సంయుక్త రాష్ట్రములందు పుట్టి పెరిగినది. దాని నిర్మాణము ఎట్టిది, దానికి ధనము ఎక్కడినుండి వచ్చును, ఆ ధనములో న్యాయమైనదేది, కానిదేది అని విచారించుటయే మా ఉద్దేశము. ఇందు తరచుగా వచ్చు బకాయి, జప్తు, వసూలు, ఖజానా, దస్తావేజు అను పదములు మన ఉర్దూ విభాగమునకును తెలుగు విభాగమునకును ఉమ్మడి సొత్తే గనుక, విషయము క్రొత్తదైనను భాష అడ్డురాదని నమ్ముచున్నాము.

రోగ స్వరూపము

మిషిగన్ రాష్ట్రములోని ఫ్లింట్ నగరము, 1908లో జనరల్ మోటార్స్ సంస్థ పుట్టిన ఊరు. 1960లో అచటి జనాభా 1,96,940. కర్మాగారములు ఒకదాని వెనుక నొకటి మూతపడగా 2020 నాటికి అది 81,252కు దిగినది. మిస్సోరి రాష్ట్రములోని సెయింట్ లూయిస్ నగరమునందు 1950లో 8,56,796 మంది నివసించుచుండగా 2020లో 3,01,578 మంది మాత్రమే మిగిలిరి. జనులు తరలిపోగలరు గాని ఇండ్లు తరలిపోలేవు.

ఇట్టి ఊరిలో ఒక ఇల్లు ఖాళీ అయినదనుకొందము. దానిని కొనువాడు లేడు. పైకప్పు బాగుచేయించుటకగు ఖర్చు ఇంటి వెలను మించినది. యజమాని పన్ను కట్టుట మానివేయును. నాలుగేండ్లలో బకాయియే ఇంటి వెలను దాటును. అప్పుడు వారసుడు సైతము ఆ ఇంటిని ముట్టడు, ఏలయనగా ఇంటితోపాటు బకాయియు సంక్రమించును. కిటికీలు పగులును, చెత్త పేరుకొనును, ఒకనాడు నిప్పంటుకొనును. ప్రక్క ఇంటి వెల పడిపోవును, ఆ ప్రక్కవాడును ఊరు విడుచుటకు ఆలోచించును. అమెరికాలో పాఠశాలలు, అగ్నిమాపక దళము, పురపాలన ముఖ్యముగా ఆస్తిపన్నుపై ఆధారపడి యున్నవి. కావున ఒక ఇంటి బకాయి క్రమముగా వీధి మొత్తమునకు, తుదకు బడికి తగులు దెబ్బ యగును.

పాత చికిత్స

పూర్వము ఖజానావారు చేయునది రెండు విధములు. బకాయి వసూలు చేసికొను హక్కును ప్రైవేటు పెట్టుబడిదారులకు అమ్ముట యొకటి. ఆస్తినే వేలము వేయుట మరియొకటి. ఈ రెండింటిలోను కొనువాడు తరచుగా దూరదేశపు సట్టా వ్యాపారి. ఇంటిని కన్నులార చూడకయే కొనును. బాగుచేయడు, పన్ను కట్టడు. కొన్నాళ్లకు ఆ ఇల్లే మరల వేలమునకు వచ్చును. పైగా నోటీసులు సరిగా అందలేదన్న వివాదమువలన దస్తావేజులో దోషము మిగిలిపోయెడిది. దోషముగల దస్తావేజుపై బ్యాంకులు అప్పు ఇయ్యవు. అప్పు లేనిదే నిజముగా కాపురముండదలచిన కుటుంబము కొనలేదు.

సంస్థ నిర్మాణము

ఈ చిక్కును విప్పుటకు 1971లో సెయింట్ లూయిస్ నగరమునందు ఏర్పడిన సంస్థ ఆ దేశపు మొదటి భూమి బ్యాంకుగా పరిగణింపబడుచున్నది. 1976లో క్లీవ్‌లాండ్, 1989లో లూయివిల్, 1991లో అట్లాంటా నగరములు ఆ మార్గమున నడచినవి. అయితే తొలినాటి సంస్థల చేతికి ముఖ్యముగా వేలములో ఎవరును కొనని ఆస్తులే చేరెడివి, వానిని బాగుచేయుటకు స్థిరమైన ఆదాయము ఉండెడిది కాదు. రోగులను చేర్చుకొనుటయే గాని మందు లేని ఆసుపత్రివంటి స్థితి అది.

క్రొత్త తరము మిషిగన్‌లో ఆరంభమైనది. 1999లో ఆ రాష్ట్రము పన్ను జప్తు చట్టమును సంస్కరించినది. దాని ప్రకారము బకాయిదారునకు నోటీసులిచ్చి, న్యాయస్థానపు తీర్పు పొంది, మూడవ సంవత్సరములో ఆస్తిని స్వచ్ఛమైన హక్కుతో కౌంటీ ఖజానాధికారి స్వాధీనము చేసికొనును. కౌంటీ అనగా మన జిల్లావంటి పాలనా విభాగము. కష్టములోనున్న కుటుంబమునకు గడువు పొడిగించు అధికారమును సైతము ఆ చట్టము ఖజానాధికారికి ఇచ్చినది. 2003లో భూమి బ్యాంకు చట్టము వచ్చినది. ఫ్లింట్ నగరమున్న జెనెసీ కౌంటీలో ఆనాటి ఖజానాధికారి డాన్ కిల్డీ దీనిని ఆచరణలోనికి తెచ్చెను.

ఈ సంస్థకు చట్టము ఇచ్చు అధికారములు నాలుగు. స్వల్ప మూల్యమునకు ఆస్తిని పొందుట; పాత బకాయిని తుడిచివేయుట; తన చేతిలోనున్నంత కాలము పన్ను లేకుండ ఉంచుకొనుట; అత్యధిక ధర పలికినవానికే గాక, ఆ స్థలమును చక్కగా వినియోగించువానికి అమ్ముట. బలవంతముగా ఇతరుల భూమిని సేకరించు అధికారము మిషిగన్ భూమి బ్యాంకులకు లేదు. నాలుగవ అధికారమే వేలమునకును దీనికిని గల ముఖ్య భేదము. డెట్రాయిట్ భూమి బ్యాంకు, ఇంటి ప్రక్కనున్న ఖాళీ స్థలమును ఆ ఇంటివారికే 100 డాలర్లకు ఇచ్చు పద్ధతి పెట్టినది. ఆ స్థలమును శుభ్రముగా ఉంచుటలో ప్రక్కింటివానికున్న శ్రద్ధ మరెవ్వరికిని ఉండదు గదా!

ధనము ఎక్కడినుండి?

ఒక ఊహా లెక్కను చూతము. ఒక బ్యాంకు చేతిలో నూరు ఆస్తులున్నవి. అందు ఇరువది ఇండ్లు మాత్రమే అమ్ముటకు తగినవి. ఖర్చులు పోను ఒక్కొక్కటికి 15,000 డాలర్లు మిగిలినచో వచ్చునది 3,00,000. ముప్పది ఇండ్లు కూలద్రోయవలసినవి. ఒక్కొక్కదానికి 12,000 చొప్పున అగునది 3,60,000. తక్కిన ఏబది ఖాళీ స్థలములలో గడ్డి కోయించుటకు ఏటికి 200 చొప్పున 10,000. అనగా కార్యాలయపు జీతములు లెక్కింపకముందే 70,000 డాలర్ల లోటు. అమ్మకములపైననే ఇట్టి సంస్థ బ్రతుకజాలదని దీనివలన తేటపడుచున్నది. కావున ఇతర మార్గములు వెదకవలసివచ్చినది.

మొదటిది, బకాయిలపై వచ్చు వడ్డీ, జరిమానాలు. మిషిగన్‌లో కౌంటీలు ప్రత్యేక నిధినుండి బకాయి మొత్తమును ముందుగానే నగరమునకు, పాఠశాలలకు చెల్లించును. పిదప బకాయిదారులనుండి వచ్చు వడ్డీని, రుసుములను తాము ఉంచుకొనును. 1999 చట్టము ప్రకారము ఆ వడ్డీ మొదట నెలకు ఒక శాతము, తరువాతి దశలో ఒకటిన్నర శాతము. ఒహాయో రాష్ట్రములో 2009లో ప్రారంభమైన కయహోగా కౌంటీ భూమి బ్యాంకువంటి సంస్థలకు, వసూలైన బకాయిలలో 5 శాతము వరకు కేటాయించుటకు చట్టము అనుమతించినది.

రెండవది, మిషిగన్‌లో బ్యాంకు అమ్మిన ఆస్తిపై మరల పన్ను ఆరంభమైన పిదప అయిదేండ్లపాటు ఆ పన్నులో సగము బ్యాంకునకు చెందును. మూడవది, బాగుపడిన ప్రాంతమునందు మున్ముందు పెరుగబోవు పన్నును ఆధారముగా చూపి బాండ్లద్వారా ఋణము తెచ్చుట. నాల్గవది, కేంద్ర ప్రభుత్వ గ్రాంటు. 2010లో గృహఋణగ్రస్తుల సహాయార్థము ఏర్పడిన నిధిని 2013లో మిషిగన్‌లో పాడిండ్లను కూల్చుటకు సైతము వాడుకొననిచ్చిరి. ఆ పథకము ముగిసిపోయినది. గ్రాంటు ఒకనాడు ఆగును గాని గడ్డి ప్రతి సంవత్సరము మొలచుచునే యుండును. కావున గ్రాంటుతో ఇండ్లను కూల్చవచ్చును గాని, దానినే నమ్ముకొని సంస్థను నడుపరాదు.

ధర్మసూక్ష్మము

ఇచ్చట మనము జాగ్రత్తగా ఆలోచింపవలసిన అంశమొకటి కలదు. బకాయిపడిన వారందరు సట్టా వ్యాపారులు కారు. అందు వృద్ధులు, వితంతువులు, ఉద్యోగము పోయినవారు కూడ ఉందురు. మిషిగన్‌లోని ఓక్లాండ్ కౌంటీలో ఒక ఆస్తి యజమాని చెల్లించిన పన్నులో తగ్గినది 8 డాలర్ల 41 సెంట్లు మాత్రమే. వడ్డీ, రుసుములతో అది 285 డాలర్లు దాటినది. కౌంటీ ఆ ఆస్తిని 24,500 డాలర్లకు అమ్మి మొత్తమును తానే ఉంచుకొన్నది. 2020లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇది చెల్లదని తీర్పు చెప్పినది. మినెసోటా రాష్ట్రములో ఒక వృద్ధురాలు పడిన బకాయి వడ్డీ, జరిమానాలతో సుమారు 15,000 డాలర్లు. ఆమె నివాసమును 40,000కు అమ్మి, మిగులు 25,000 కూడ హెన్నెపిన్ కౌంటీయే తీసికొన్నది. 2023 మే నెలలో టైలర్ కేసుగా ప్రసిద్ధమైన ఆ వివాదములో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరు ఏకగ్రీవముగా ఆమె పక్షము వహించిరి. ప్రభుత్వము తనకు రావలసినంత మాత్రమే తీసికొనవలెనను సూత్రము 1215 నాటి మాగ్నాకార్టా కాలమునుండియు ఉన్నదని ఆ తీర్పు గుర్తుచేసినది.

మంచి ఇంటిని అమ్మగా మిగిలిన సొమ్ముతో పాడింటిని కూల్చుట మిషిగన్ పద్ధతికి ఒక ఆధారముగా ఉండెడిది. ఆ మిగులు కొన్నిచోట్ల ఒక కుటుంబము జీవితకాలపు కూడబెట్టు అని న్యాయస్థానములు గుర్తుచేసినవి. నగరమును బాగుచేయుట పుణ్యకార్యమే. అయినను ఆ భారమును నగరవాసులందరు పంచుకొనక, అందరికంటె ముందు కూలినవాని నెత్తిన వేయుట న్యాయము కాదు.

కావున పై మార్గములను మేము ఒక గీటురాయిపై పెట్టి చూచుచున్నాము. బకాయి వడ్డీపై బ్రతుకు బ్యాంకు, కుటుంబములు వెనుకబడినకొలది ఎక్కువ ఆర్జించును. అయిదేండ్ల పన్నులో సగము పొందు బ్యాంకు, తాను అమ్మిన ఇంటిలో దీపము వెలిగి, అందలి కుటుంబము పన్ను కట్టగలిగిననే ఆర్జించును. మొదటిదాని లాభము ఇతరుల కష్టములోను, రెండవదాని లాభము ఇతరుల క్షేమములోను ఉన్నది. వడ్డీ ఆదాయమును పూర్తిగా విడనాడుట సాధ్యము కాకపోవచ్చును. కాని అది తగ్గుచు, రెండవది పెరుగుచు ఉండవలెను. లోటును నగరపు వార్షిక బడ్జెటులో బహిరంగముగా చూపి పూరింపవలెను. మనుష్యులు నివసించు ఇంటికిని, విడిచిపెట్టిన ఇంటికిని చట్టము భేదము పాటింపవలెను.

మన నగరముల సంగతి వేరు. ఇచ్చట స్థలముల వెల పడిపోవుటవలన గాక, పెరుగుటవలననే చాల స్థలములు ఖాళీగా ఉంచబడుచున్నవి. కావున ఈ మందు మనకు యథాతథముగా పనికిరాదు. అయినను బకాయి సమస్య మనకును ఉన్నది. 2022లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ, అసలు చెల్లించినవారికి బకాయి వడ్డీలో 90 శాతము మాఫీ చేయు పథకమును ప్రకటించినది. అమెరికాలో వడ్డీయే సంస్థకు ఆధారమైనది. ఇచ్చట వడ్డీని వదలుకొని అసలు రాబట్టజూచిరి. ఈ రెండు మార్గములలో ఏది ఎవరికి మేలు చేయునో పోల్చి చూచుట మన వాణిజ్య, అర్థశాస్త్ర విద్యార్థులకు తగిన పని.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు పురపాలక కార్యాలయములందు, న్యాయస్థానములందు, బ్యాంకులందు పనిచేయుదురు. ప్రజాహితము కొరకు ఏర్పడిన ఏ సంస్థ లెక్కల పుస్తకము మీ యెదుటికి వచ్చినను, ఖర్చు పుటను చూచుటకు ముందు జమ పుటను చూడుడు. ఆ జమ ఎవరి కష్టమువలన పెరుగుచున్నదో, ఎవరి క్షేమమువలన పెరుగుచున్నదో విచారింపుడు.